తాళం లేని గానం: తెలుగు పద్యనాటకంలో రాగయుక్త పద్యపఠనం – జనాదరణకు మూలాలు

వ్యాససంగ్రహం:
తెలుగు పద్యనాటకాన్ని సాహిత్యచరిత్రలు ప్రధానంగా ముద్రితగ్రంథంగానే పరిశీలించాయి. ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచినది మాత్రం గ్రంథం కాదు, నటుడి గొంతులో వినిపించిన పద్యం. కొన్ని నాటకాలు శతాబ్దం దాటినా రంగస్థలం మీద నిలవడానికీ, అదే కవుల ఇతర నాటకాలు కనుమరుగు కావడానికీ గల కారణాలను ఛందస్సు, సంవాదస్వభావం, ప్రదర్శనపద్ధతుల ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పద్యనాటకం, రాగయుక్త పద్యపఠనం, వన్స్‌మోర్, కంట్రాక్టు నాటకం, కాటిసీను, గ్రామఫోను.

1. ప్రవేశిక

పౌరాణిక నాటకాల ఆదరణకు భక్తి కారణమని ఒక వాదం, గతకాలంపై మమకారం కారణమని మరొక వాదం తరచుగా వినిపిస్తాయి. ఈ రెండూ అసంపూర్ణమైనవి. తిరుపతి వేంకటకవులు భారతకథను ఆధారం చేసుకొని ఆరు పాండవ నాటకాలు రచించారు. జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం అనే ఈ ఆరింటిలో రంగస్థలం మీద స్థిరపడినవి ఉద్యోగవిజయాలు మాత్రమే. జనవ్యవహారంలో వీటికి ‘కృష్ణరాయబారం’ అనే పేరు ఏర్పడింది. కవులు వారే, కథ అదే, దేవుడూ ఆయనే. భక్తే కారణమైతే మిగిలిన నాలుగు నాటకాలూ నిలవాలి. ‘ఆంధ్రనాటక పితామహు’డని కీర్తి పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సుమారు ముప్పై నాటకాలు రాశారు. ఒకనాడు ఉర్రూతలూగించిన ‘చిత్రనళీయం’ నేడు పరిశోధకుల బల్ల మీద తప్ప కనిపించడం అరుదు. కనుక ఏ నాటకాలు నిలిచాయి అన్నదానికంటే, ఆ నాటకాల్లోని ఏ పద్యాలు, ఏ సన్నివేశాలు నిలిచాయి అని అడగడం పరిశోధనకు ఎక్కువ ఫలవంతమైన ప్రశ్న.

2. పద్యం రంగస్థలానికి వచ్చిన వైనం

1880 ప్రాంతంలో ధార్వాడ నాటకసమాజం ఆంధ్రప్రాంతంలో పర్యటించి ప్రదర్శనలిచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతో నాటకాలు ఆడించినదీ ఆ కాలంలోనే. బళ్ళారిలో ధర్మవరంవారి సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నాటకానికి ఒక వ్యవస్థను సమకూర్చాయి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన సురభి కుటుంబాలు నాటకాన్ని జీవనవృత్తిగా స్వీకరించాయి. పార్శీ, మరాఠీ నాటకాల ప్రభావంతో హార్మోనియం తెలుగు రంగస్థలానికి చేరింది. పాటలు, పద్యాలు, వచనం కలగలసిన రూపం ధర్మవరంవారి చేతిలో కుదురుకుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులకు పైగా అమ్ముడైందని ప్రసిద్ధి. పుస్తకాలు కొని చదివే అలవాటు తక్కువగా ఉన్న రోజుల్లో ఈ సంఖ్యకు అర్థం చెప్పుకోవాలంటే, ఆ ప్రతులను ఎక్కువగా కొన్నది పాఠకులు కాదనీ, ఊరూరా నాటకం కట్టదలచిన ఔత్సాహికులనీ ఊహించక తప్పదు.

3. పద్యం నిర్మాణం – గానస్వభావం

పాటకూ పద్యానికీ మౌలికమైన భేదం తాళంలో ఉంది. పాట తాళానికి కట్టుబడుతుంది. నాటకపద్యానికి గణబంధం ఉంది గాని తాళబంధం లేదు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలలో ఇరవై ఒకటి, శార్దూలంలో పంతొమ్మిది, మత్తేభంలో ఇరవై. గురులఘువుల క్రమం కవి నిర్ణయించినదే అయినా, ఏ గురువును ఎంతసేపు నిలపాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాటను విడిగా పలకాలి అనేవి పూర్తిగా నటుడి అధీనంలో ఉంటాయి. తబలాకు పాటలో ఉన్న పని పద్యంలో దాదాపు లేదు. హార్మోనియం నటుడిని అనుసరిస్తుందే తప్ప నడిపించదు. పాదానికీ పాదానికీ నడుమ ఉన్న ఖాళీని నింపడం, నటుడు తర్వాత అందుకోవలసిన స్వరాన్ని ముందుగా చూపడం దాని బాధ్యతలు.

ఈ స్వేచ్ఛలోనే నటుడికి పరీక్ష ఉంది. వృత్తంలో యతిస్థానమూ అర్థవిరామమూ అన్ని వేళలా ఒకచోట పడవు. పాదాంతంలో మాట తెగి తర్వాతి పాదంలోకి ప్రవహించడం తెలుగు పద్యానికి సహజం. పాదం పూర్తయింది కదా అని ఆగిన నటుడు అర్థాన్ని ఖండిస్తాడు. అర్థం కోసం పాదాంతాన్ని దాటిపోయిన నటుడికి శ్వాసబలం కావాలి. మేటి నటులు మొదటి మూడు పాదాలను మాటలు విరిచి స్పష్టంగా చెప్పి, రాగవిస్తారాన్ని చివరి పాదానికి దాచుకోవడం వెనుక ఉన్న తర్కం ఇదే. ప్రేక్షకుడికి ముందు విషయం అందాలి, తర్వాత రాగం అందాలి. ఈ క్రమం తారుమారైనప్పుడు పద్యం కచేరీ ఆలాపనగా మారిపోతుంది.

సీసపద్యం సంగతి వేరు. ప్రతి సీసపాదమూ రెండు భాగాలుగా విరుగుతుంది. నాలుగు పాదాల్లోనూ ఒకే వాక్యనిర్మాణాన్ని ఆవర్తింపజేయడం కవులకు అభిమానవిషయం. ఒకే వరుస మళ్లీ మళ్లీ వినిపించడం వల్ల శ్రోత తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తాడు. ఎత్తుగీతిలో ఆ వరుస మారి ముగింపు వస్తుంది. సంగీతం తెలియని శ్రోతకు సైతం సీసం త్వరగా పట్టుబడడానికి ఈ ఆవృత్తే హేతువు. మైకులు లేని కాలంలో వేలమంది చివరి వరుస దాకా వినగలగాలంటే హెచ్చు శ్రుతి తప్పనిసరి. నాటకపద్యానికి ఈనాటికీ వీడని తారస్థాయి ఆనాటి ఆ అవసరం నుండి వచ్చినదే.

ఇక రాయబారానికి ప్రత్యేకమైన బలం ఒకటి ఉంది. అది సంవాదప్రధానం. పడకసీనులో సహాయం కోరే ఇద్దరు బంధువుల పోటీ, కౌరవసభలో సంధి ప్రస్తావన, కర్ణునితో ఏకాంతభాషణ – ఇవన్నీ వాదప్రతివాదాలే. ఇక్కడ పద్యం వర్ణన చేయదు, ఎదుటివాడికి సమాధానం చెబుతుంది. తిరుపతి వేంకటకవులు అవధానులు కావడం కూడా గమనించదగినది. అవధానంలో పద్యం ఒక్కసారి విన్నంతనే సభకు అర్థం కావాలి. కంటితో రెండోసారి చదువుకునే అవకాశం అక్కడ ఉండదు. ఆ సాధన వారి నాటకపద్యాల్లో ప్రత్యక్షమవుతుంది. వృత్తం బిగువు సడలకుండానే ఇంట్లో మాట్లాడుకునే పలుకుబడి అందులో ఇముడుతుంది. భారతంలోని బంధుత్వాలను వారు తెలుగింటి ‘బావ’ పిలుపులోకి మార్చారు. బావల మధ్య చెల్లుబాటయ్యే ఎత్తిపొడుపు, చమత్కారం, పైకి నవ్వుతూ లోపల కత్తి దూయడం తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేదు.

4. వన్స్‌మోర్, కంట్రాక్టు నాటకం

పద్యం స్వయంసంపూర్ణమైన ఘటకం కావడంతో దాన్ని నాటకం నుండి విడదీయడం సులువైంది. దీని ఫలితమే ‘వన్స్‌మోర్’. ప్రేక్షకుడు కోరితే నటుడు కథను ఆపి పద్యాన్ని మళ్లీ పాడేవాడు. మరణించిన పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ మరణించిన ఉదంతాలను రంగస్థల వర్గాల్లో నేటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. సహజాభినయాన్ని కోరిన బళ్ళారి రాఘవ ఈ గానాతిశయాన్ని ఇష్టపడలేదు. నాటకశిల్పం దృష్ట్యా ఆయన అభ్యంతరం సమంజసమే. అయితే ప్రేక్షకుడు నాటకానికి వచ్చింది కథ తెలుసుకోవడానికి కాదు. రాయబారం విఫలమవుతుందని అతనికి ముందే తెలుసు. తెలిసిన పద్యాన్ని ఈ రాత్రి ఈ నటుడు ఎలా అంటాడన్నదే అతని ఉత్కంఠ. ఆ ఉత్కంఠను అపరిణత అభిరుచిగా కొట్టివేసిన విమర్శకులు, అదే శ్రోత త్యాగరాజ కృతిని వందోసారి వింటే రసికుడని మెచ్చుకోవడం విచిత్రం.

ఈ పరిస్థితిలోనే కంట్రాక్టు నాటకం వర్ధిల్లింది. కంట్రాక్టరు వేర్వేరు ఊళ్ల నుండి పేరున్న నటులను రప్పించి, కలిసి సాధన చేయకుండానే, ఆ రాత్రికి వేదిక ఎక్కించేవాడు. ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మామూలైపోయింది. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొకరు, యుద్ధరంగానికి ఇంకొకరు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు ప్రత్యేకంగా ఒక హరిశ్చంద్రుడు. పాత్రైక్యాన్ని కోరే నాట్యసిద్ధాంతానికి ఇది గొడ్డలిపెట్టు. కాని సమష్టి సాధన లేని నటులు ఆ రాత్రంతా తడబడకుండా నడిపించగలిగారంటే, వారందరికీ ఉమ్మడిగా కంఠస్థమైన ఒక పాఠం ఉన్నదన్నమాట. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణపాత్రకు పర్యాయపదాలుగా నిలిచారు. వారి పేర్లు చూసి జనం తరలివచ్చేవారు. కవి పేరు కరపత్రంలో ఉండేదో లేదో పట్టించుకున్నవారు తక్కువ.

5. కాటిసీనులో జాషువ

పద్యనాటకం ఏకకర్తృకం కాదనడానికి బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ ఉత్తమ నిదర్శనం. ఆ నాటకంలో ప్రేక్షకులు ఎదురుచూసేది కాటిసీను. రాజ్యం పోగొట్టుకొని, వీరబాహునికి అమ్ముడుపోయి, శ్మశానాన్ని కాపలా కాసే రాజు అక్కడ పాడే పద్యాల్లో ప్రసిద్ధమైనవి కొన్ని బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువ ‘ఖండకావ్యం’లోని ‘శ్మశానవాటి’ పద్యాలు. అవి నాటకం కోసం రాసినవి కావు. సన్నివేశానికి సరిపోయాయని నటులు స్వీకరించారు, ప్రేక్షకులు ఆమోదించారు. ఇవి నాటకకర్తవే అనుకునే శ్రోతలు నేటికీ ఉన్నారు.

ఈ చేర్పును కేవలం రంగస్థల చమత్కారంగా చూడరాదు. మూలకథలో కాటికాపరితనం రాజుకు సంభవించిన పరాభవం. సత్యపరీక్ష ముగియగానే తొలగిపోయే తాత్కాలిక దుఃస్థితి. వీరబాహుని కులానికి అది శాశ్వతం. కథ ఆ విషయాన్ని పట్టించుకోదు. అస్పృశ్యతా బాధను స్వయంగా అనుభవించిన జాషువ, మృత్యువు ముందు హెచ్చుతగ్గులు చెల్లవని ఆ పద్యాల్లో ప్రకటించాడు. రాజు నోట ఆ పద్యాలు వినిపించినప్పుడు సన్నివేశం అర్థం మారుతుంది. విధి ఒక వ్యక్తికి చేసిన అన్యాయం గురించిన విలాపం, మనుషులు మనుషులకు ఏర్పరచిన అంతరాల గురించిన ఆలోచనగా విస్తరిస్తుంది. జాషువ కవిత్వాన్ని గ్రంథాలయంలో చేరదీయని ఊళ్లలోనూ, వేదికలమీద సన్మానించడానికి వెనుకాడిన సమాజంలోనూ అతని పద్యాలకు వన్స్‌మోర్లు మోగాయి. కవి పేరు తెలియకపోవడం వల్లనే ఈ ప్రవేశం సులభమైందా అన్న ప్రశ్న మాత్రం కఠినమైనదే. జాషువ యౌవనంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథావాచకునిగా పనిచేశాడు. ఎదుట కూర్చున్న జనసమూహానికి మాట ఎలా చేరాలో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆ పద్యాలు వేదిక మీద అంత సునాయాసంగా ఒదగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

6. రికార్డు, తెర

గ్రామఫోను పద్యాన్ని నాటకశాల గోడలు దాటించింది. ఆనాటి రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల వ్యవధి. వేదిక మీద విస్తరించే రాగం ఆ వ్యవధిలో కుదించుకోక తప్పలేదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటుల గొంతు వారి నాటకం ఎన్నడూ చూడనివారికి కూడా పరిచయమైంది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ధర్మవరంవారి నాటకం ఆధారంగా, సురభి నటులతో తయారైనదే. ‘ఈలపాట’ రఘురామయ్య వేదికనూ తెరనూ సమానంగా ఏలాడు. ఘంటసాల చేతిలో పద్యం మరింత క్లుప్తమైంది. ఆలాపన తగ్గి మాట ముందుకు వచ్చింది. తర్వాతి తరం రంగస్థల నటుల్లో చాలామంది ఘంటసాల ఫణితిని వేదిక మీదికి తెచ్చుకున్నారు. ఈ ఆదానప్రదానం ఒకవైపు ప్రయాణం కాదు.

స్థానం నరసింహారావు ఉదాహరణ ఈ ప్రయాణాన్ని మరో కోణంలో చూపుతుంది. స్త్రీపాత్రలకు జీవితాన్ని అంకితం చేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన ‘శ్రీకృష్ణతులాభారం’లో సత్యభామగా సాటిలేని కీర్తి గడించారు. భర్త తన మాట జవదాటడన్న ధీమాతో సత్యభామ పాడే పాట ఆయనతోనే ముడిపడి ఉండేది. 1966 నాటి చలనచిత్రంలో అదే పాటను పి. సుశీల పాడగా జమున అభినయించారు. పురుషుడు ఊహించిన స్త్రీగర్వం స్త్రీ గొంతులోకి, స్త్రీ అభినయంలోకి మారినా పాట చెక్కుచెదరలేదు. నేటి శ్రోతకు దాని రంగస్థల పూర్వరూపం తెలియకపోయినా ఆశ్చర్యం లేదు.

7. పాఠం ఏది?

గ్రంథానికీ ప్రదర్శనకూ మధ్య ఉన్న దూరం ఎల్లవేళలా ఇంత శుభప్రదం కాదు. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ని వేశ్యావ్యసనాన్ని ఖండించే సంస్కరణోద్దేశంతో రచించారు. దశాబ్దాల ప్రదర్శనలో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ ఆశువుగా చేరిన హాస్యం, ద్వంద్వార్థాలు మూలరచనను కప్పివేశాయి. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు చాలాకాలంగా చెబుతూ వచ్చిన అభ్యంతరం మేరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది. వివాదం హైకోర్టుకు చేరింది. ఒక సమాజం మనసు నొచ్చుకోవడం వాస్తవం. ఆ నాటకం మీద బతికే కళాకారులకు బతుకుతెరువు పోవడమూ అంతే వాస్తవం. ఏ మాట కాళ్ళకూరివారిది, ఏ మాట ఏ దశాబ్దంలో ఏ సమాజం చేర్చుకున్నది అని తేల్చి చెప్పగల ప్రదర్శనపాఠ సంకలనం ఉండి ఉంటే, నిషేధానికీ యథాతథ ప్రదర్శనకూ నడుమ పరిష్కృత పాఠమనే మూడో మార్గం చర్చకు వచ్చేది.

కాటిసీనులో జాషువ పద్యం చేరడమూ, సుబ్బిశెట్టి నోట అశ్లీలం చేరడమూ ఒకే ప్రక్రియ ఫలితాలు. మొదటిదాన్ని సంప్రదాయమని మెచ్చుకొని రెండోదాన్ని వికృతి అని తోసిపుచ్చడానికి సాహిత్యవిలువ ఒక్కటే ప్రమాణమైతే చాలదు. చేర్పులు ఎలా జరిగాయో తెలిపే ఆధారాలు కావాలి. అవి ముద్రిత ప్రతుల్లో లభించవు. వృద్ధనటులు చేతిరాతతో రాసుకున్న పాత్రల నోటుపుస్తకాల్లో, పద్యం పక్కన గుర్తుగా వేసుకున్న రాగాల పేర్లలో, ఏ నటుడు ఏ పద్యాన్ని ఏ శ్రుతిలో ఎత్తుకునేవాడో చెప్పగల హార్మోనిస్టుల జ్ఞాపకాల్లో ఉన్నాయి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో నాటకం మీద వెలువడే సిద్ధాంతగ్రంథాలు ఇతివృత్తం, పాత్రచిత్రణ, రసపోషణ అనే అధ్యాయాలతోనే ఎక్కువగా సరిపెట్టుకుంటున్న ఈ సమయంలో, ఆ నోటుపుస్తకాలు పాత కాగితాల బరువుకు తూకం వేసి అమ్ముడైపోయే వయసుకు వచ్చేశాయి.