మేక పుర్రెను ఉడికించకండి!

బడిలో సైన్సు ప్రదర్శన అంటే పిల్లలకు మేక పుర్రె కావాలి. తలకాయ కూర అలవాటైన మన ఊళ్లలో, తల పగలగొట్టకుండా ఇమ్మని మాంసం కొట్టతన్ని ఒప్పించడమే మొదటి కష్టం.

తెచ్చాక చాలామంది గంటల తరబడి ఉడికిస్తారు. కొవ్వు ఎముకలోకి ఇంకి, కొన్నాళ్లకు పచ్చగా పైకి తేలుతుంది. బ్లీచింగు పౌడరు ఇంకా చెరుపు. అప్పటికి తెల్లబడినా ఎముక గుల్లబారి రాలిపోతుంది.

దీనికి ఓపికే మందు. తోలు, కండ, మెదడు వీలైనంత తీసేసి ప్లాస్టిక్ బకెట్టు నీళ్లలో ముంచండి. ఇంటికి దూరంగా ఉంచి, కుక్కలు లాగకుండా మూతపై రాయి పెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి సగం నీళ్లు మార్చాలి. కంపు భరించక తప్పదు! కొన్ని వారాలకు మాంసం ఊడుతుంది, కొమ్ముల పైతొడుగులూ వదులవుతాయి. రాలిన పళ్లు పారబోసే నీళ్లలో పోకుండా వడకట్టండి. తర్వాత సబ్బునీళ్లలో నానబెడితే జిడ్డు దిగుతుంది.

తెలుపుకు మందుల షాపులో దొరికే 3 నుంచి 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. ఒకటి రెండు రోజులు ముంచి నీడలో ఆరబెట్టాలి. ఇందులో వాయువు పుడుతుంది కనుక మూత బిగించరాదు. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

అడవిలో దొరికిన దుప్పి పుర్రె ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారే పశువును మాత్రం ముట్టవద్దు, కోయవద్దు. అది ఆంత్రాక్స్ అనే దొమ్మరోగం కావచ్చు. విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువులను కోసి తిన్నవారికి ఇది సోకిన సందర్భాలున్నాయి. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. కొమ్ములు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ తలను సున్నం వేసి లోతుగా పూడ్చవలసిందే.