రెండు యాంటెనాలు కలిపితే ఒకటే అవుతుంది

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరో నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది: "కేబుల్ కనెక్షన్ తీయించేశాం. ఇంటిమీద న్యూయార్క్ వైపు ఒక యాంటెనా పెడితే ఆ ఊరి ఛానెళ్లన్నీ చక్కగా వచ్చాయి. ఫిలడెల్ఫియా వైపు ఇంకోటి పెడితే అవీ బాగానే వచ్చాయి. రెండింటినీ స్ప్లిటర్‌తో కలిపి టీవీకి ఇచ్చేసరికి అక్కడివి కొన్ని, ఇక్కడివి కొన్ని మాయమయ్యాయి. విడివిడిగా వచ్చేవి కలిపితే ఎందుకు పోతున్నాయి?"

ఈ నెలకు వేరే వ్యాసం అనుకున్నాను. ఈ ప్రశ్న చదివాక దాన్ని వచ్చే నెలకు జరిపేశాను. తరంగాల గురించి తెలుసుకోదగ్గ అసలు సంగతి ఈ పైకప్పు మీదే ఉంది.

ముందుగా నాలుగు ముక్కల్లో నేపథ్యం. న్యూయార్క్ టీవీ స్టేషన్లలో ఎక్కువభాగం ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద నుంచి, వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద నుంచి ప్రసారం చేస్తాయి. ఫిలడెల్ఫియావాళ్ల టవర్లు ఆ నగరంలోని రాక్స్‌బరోలో ఉన్నాయి. ప్లెయిన్స్‌బరో నుంచి రెండూ ఇంచుమించు 65-70 కిలోమీటర్లు; ఒకటి ఈశాన్యంలో, రెండోది నైరుతిలో. టీవీ తెర మీద కనిపించే ఛానెల్ నంబరు చాలాసార్లు పాతకాలపు గుర్తే. న్యూయార్క్ డబ్ల్యుసీబీఎస్ తెర మీద 2 అని వస్తుంది కానీ గాలిలో వాడేది 36వ ఛానెల్, అంటే 602 నుంచి 608 మెగాహెర్ట్జ్. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 50 సెంటీమీటర్లు. ఈ 50ని గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఒకే స్టేషన్ తరంగం రెండు దారుల్లో వచ్చి ఒకచోట కలిసినప్పుడు శృంగం మీద శృంగం పడితే బలం పెరుగుతుంది. శృంగం మీద ద్రోణి పడితే రెండూ చెల్లిపోతాయి. ఊయలను ఇద్దరు ఊపుతున్నప్పుడు ఒకే సమయానికి తోస్తే అది పైకి లేస్తుంది, ఒకరు ముందుకు తోసేటప్పుడు ఇంకొకరు వెనక్కి తోస్తే నిలిచిపోతుంది. భౌతికశాస్త్రం పుస్తకాల్లో మనం చదువుకున్న వ్యతికరణం ఇదే.

మన పాఠకుడి ఇంటిమీద జరుగుతున్నదీ ఇదే. న్యూయార్క్ తరంగం మొదటి యాంటెనాకు ఎదురుగా వస్తోంది. అదే తరంగం ఫిలడెల్ఫియా వైపు తిరిగి ఉన్న రెండో యాంటెనా వీపుకీ తగులుతోంది. వెనకనుంచి వచ్చేదాన్ని యాంటెనా చాలావరకు తోసిపుచ్చుతుంది కానీ పూర్తిగా కాదు. చుట్టూ ఉన్న లోహపు గొట్టాలు, పక్కింటి గోడలు తిప్పికొట్టినది కూడా అందులో కలుస్తుంది. మొదటి యాంటెనా నుంచి 1 వోల్టు వస్తుందనుకుని, రెండోదాని వీపు అందులో సగం పట్టుకుందనుకుందాం. దశ కలిస్తే, అంటే శృంగం మీద శృంగం పడితే, మొత్తం 1.5; శృంగం మీద ద్రోణి పడితే 0.5. వోల్టేజీలో మూడు రెట్లు, శక్తిలో తొమ్మిది రెట్లు తేడా!

దశ కలుస్తుందో లేదో నిర్ణయించేవి యాంటెనాల మధ్య దూరం, కేబుల్ పొడవు. కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో 80-85 శాతం వేగంతోనే పోతుంది కాబట్టి, బయట 50 సెంటీమీటర్లున్న తరంగం లోపల 41 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అందులో సగం 20. అంటే ఒక యాంటెనా కేబుల్ రెండోదానికంటే జానెడు ఎక్కువైతే చాలు, కూడిక కాస్తా తీసివేత అయిపోతుంది. న్యూయార్క్ డబ్ల్యుఏబీసీ గాలిలో కూడా 7వ ఛానెల్‌లోనే వస్తుంది. దాని తరంగం కేబుల్ లోపల కూడా 1.4 మీటర్లుంటుంది. దానికి ఆ జానెడు తేడా ఒక లెక్కలోది కాదు. కొన్ని ఛానెళ్లే ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు జవాబు దొరికిందా? అదే కేబుల్ ఒక ఛానెల్‌ను చంపుతుంది, ఇంకోదాన్ని బతికిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు. ఈ చెల్లిపోవడమే లేకపోతే ఒక దిక్కునే వినే యాంటెనా అనేదే లేదు! దాబాల మీద మనమంతా చూసిన ఆ కడ్డీల యాంటెనాను గుర్తుచేసుకోండి. కేబుల్ తగిలించేది ఒక్క కడ్డీకే, దాన్ని డైపోల్ అంటారు. మిగతావాటికి ఏ తీగా ఉండదు. అయినా వాటిలో విద్యుత్తు పుడుతుంది. అందుకున్న తరంగాన్ని అవి మళ్లీ వెలువరిస్తాయి. డైపోల్ వెనక పావు తరంగదైర్ఘ్యం దూరంలో, 36వ ఛానెల్‌కైతే పన్నెండున్నర సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పొడవైన కడ్డీ ఉందనుకోండి. అది తిరిగి వెలువరించే తరంగం దాదాపు తలకిందులై ఉంటుంది. ముందునుంచి వచ్చిన తరంగం డైపోల్‌ను దాటి ఆ కడ్డీని తాకి, తలకిందులై డైపోల్ దగ్గరికి తిరిగి వస్తుంది. పోనూ రానూ అర తరంగం ఆలస్యం, దానికి తోడు తలకిందులు కావడం. రెండు వ్యతిరేకాలు కలిసి సరిగ్గా అనుకూలమవుతాయి. వెనకనుంచి వచ్చినదైతే నేరుగా వచ్చేదీ, కడ్డీ వెలువరించేదీ కలిసే ప్రయాణిస్తాయి. ఆలస్యం లేదు, తలకిందులు మాత్రమే మిగిలింది కాబట్టి చెల్లిపోతాయి. ముందున్న పొట్టి కడ్డీలు ఇదే పనిని ఇంకో వైపునుంచి చేస్తాయి. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు. ఉత్త పొడవులతోనూ దూరాలతోనూ ఒక దిక్కును వినడం, ఇంకో దిక్కును వినకపోవడం!

ఈ కడ్డీల యాంటెనాను జపాన్‌లో సెండాయ్ నగరంలోని తోహోకు విశ్వవిద్యాలయంలో 1926 ప్రాంతంలో రూపొందించారు. ప్రయోగాల భారమంతా మోసినవాడు షింటారో ఉడా. ఆయన ప్రొఫెసర్ హిడెట్సుగు యాగి 1928లో ఇంగ్లీషులో వ్యాసం రాసేసరికి, ప్రపంచం దానికి యాగి పేరే పెట్టేసింది. ఉడాకు జరిగిన ఈ అన్యాయం ఇప్పటికీ పూర్తిగా సర్దుబాటు కాలేదు. అంతకంటే పెద్ద తప్పు జపాన్ సైన్యానిది. సొంత గడ్డ మీద పుట్టిన దీన్ని అది పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ను ఆక్రమించాక దొరికిన బ్రిటిష్ రాడార్ నోట్సులో యాగి అన్న మాట చూసి అదేమిటో తెలియక తికమకపడితే, అది జపాన్ శాస్త్రవేత్త పేరేనని పట్టుబడిన బ్రిటిష్ సైనికుడు చెప్పాల్సి వచ్చింది.

మళ్లీ ప్లెయిన్స్‌బరోకి వద్దాం. ఒక యాంటెనాలోని కడ్డీలు కలిసి పనిచేస్తున్నాయంటే, వాటి దూరాలను ఎవరో లెక్కగట్టారు కాబట్టి. రెండో యాంటెనాను కలపగానే ఆ లెక్కలోకి కొత్త కడ్డీలు, కొత్త దూరాలు, కేబుల్ పొడవులు వచ్చిపడ్డాయి. ఇప్పుడు పైకప్పు మీద ఉన్నది రెండు యాంటెనాలు కాదు, ఎవరూ డిజైన్ చెయ్యని ఒకే ఒక్క యాంటెనా. పైగా ఒక సిగ్నల్‌ను రెండుగా పంచాల్సిన స్ప్లిటర్‌ను తిరగేసి వాడితే, అది ఒక యాంటెనా నుంచే వచ్చే సిగ్నల్‌లో సగం శక్తిని తనలోనే ఖర్చు చేసేస్తుంది. రెండు వైపులా ఒకే దశలో సమానంగా వచ్చే సిగ్నల్ ఒక్కటే నష్టం లేకుండా దాటుతుంది. అందుకే ఒకేలాంటి రెండు యాంటెనాలను ఒకే దిక్కుకు తిప్పి, సమానమైన కేబుళ్లతో కలిపితే లాభం. వేర్వేరు దిక్కులకు తిప్పితే నష్టం.

అనలాగ్ రోజుల్లో ఈ జబ్బు కంటికి కనపడేది: దూరదర్శన్‌లో బొమ్మ పక్కనే నీడలాంటి ఇంకో బొమ్మ. డిజిటల్‌లో ఆ సూచన లేదు. సిగ్నల్ ఒక హద్దుకు పైన ఉంటే బొమ్మ నిక్షేపంలా ఉంటుంది, దిగితే ముక్కలై ఆగిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? మన పాఠకుడి అదృష్టం ఆయన ఊరి భూగోళంలో ఉంది. ప్లెయిన్స్‌బరో నుంచి రెండు టవర్లూ దాదాపు ఎదురెదురు దిక్కులే. తేడా పదీ పన్నెండు డిగ్రీలు. వి ఆకారపు కడ్డీల జతలు నాలుగుండి, వెనక తీగల తెర ఉండే యాంటెనా ఒకటి తీసుకుని, ఆ తెరను విప్పెయ్యాలి. అది ముందుకూ వెనక్కూ సమానంగా వింటుంది. తెర తీస్తే సుమారు సగం శక్తి పోతుంది నిజమే, స్ప్లిటర్ కూడా అంతే తినేది కదా! నష్టం అదే, తగాదా మాత్రం లేదు. ఇంత దగ్గరి నగరాల్లో పెద్ద స్టేషన్లకు సాధారణంగా ఒకే ఛానెల్ ఇవ్వరు కాబట్టి రెండు వైపులా తెరిచినా ప్రమాదం తక్కువ.

ఈ యాంటెనా ముఖ్యంగా 36 లాంటి పై ఛానెళ్లకు (యూహెచ్‌ఎఫ్). ఫిలడెల్ఫియా డబ్ల్యుపీవీఐ అయితే గాలిలో కూడా 6వ ఛానెల్‌లోనే (వీహెచ్‌ఎఫ్) వస్తుంది. దానికి సుమారు 1.7 మీటర్ల డైపోల్ వేరుగా కావాలి. దాన్ని స్ప్లిటర్‌తో కాక యూహెచ్‌ఎఫ్-వీహెచ్‌ఎఫ్ కంబైనర్‌తో కలపాలి. అది ఫ్రీక్వెన్సీని బట్టి ఎవరి దారి వాళ్లకిస్తుంది. దిక్కులు ఎదురెదురుగా లేని ఊళ్లలోనైతే యాంటెనాను తిప్పే మోటారో, యాంటెనాకొక ట్యూనరో మార్గం. తరంగాలను కలపకుండా ఛానెళ్ల జాబితాలను కలుపుకోవాలి.

చివరగా, అమ్మేవాళ్ల మీద నా కోపం. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆగినప్పుడు డబ్ల్యుపీవీఐ తన డిజిటల్ ప్రసారాన్ని 6కి మార్చడంతో, చిన్న యూహెచ్‌ఎఫ్ యాంటెనాలున్న ఎంతోమందికి ఆ స్టేషన్ అందకుండా పోయింది. ఇప్పటికీ డబ్బాల మీద హెచ్‌డీ యాంటెనా, 4కె యాంటెనా, 150 మైళ్లు అని అచ్చేస్తున్నారు. లోహపు కడ్డీకి హెచ్‌డీ తెలియదు, పొడవే తెలుసు. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం 150 మైళ్లు వట్టి మాట. ఏ దిక్కున ఎంత వింటుందో, వెనకనుంచి ఎంత తోసిపుచ్చుతుందో, ఏ ఛానెళ్లకు పనికొస్తుందో ఆ డబ్బా మీద అచ్చు వెయ్యాలి. వెయ్యని యాంటెనా కొనకండి.