వాకిట్లో నిలిచే నీళ్లు పునాదిని తింటాయి: ఇల్లు కాపాడుకోవడానికి ఏం చేయాలి?

వానలు తగ్గాక చాలా ఇళ్లలో ఒకటే దృశ్యం. గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తు వరకు చెమ్మ, ఉబ్బిన సున్నం, తెల్లటి ఉప్పు పూత. మేస్త్రీని పిలుస్తాం. ఆయన పెచ్చులు గీకి, సిమెంటు కొట్టి, పైన వాటర్‌ప్రూఫ్ రంగు వేసి వెళ్తాడు. మళ్లీ వానాకాలం వచ్చేసరికి ఆ రంగు కూడా ఉబ్బి ఊడుతుంది. గోడకు మందు పూశాం గానీ, జబ్బు గోడ బయట వాకిట్లోనే ఉండిపోయింది.

ఇల్లంటే మనలో చాలా కుటుంబాలకు జీవితకాలపు సంపాదన. గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు కష్టపడి పంపిన డబ్బుతో కట్టిన ఇళ్లున్నాయి, తాతల నాటి ఇంటిని అన్నదమ్ములు పంచుకుని ఉంటున్నవీ ఉన్నాయి. అలాంటి ఇంటి పునాది పాడైతే బాగుచేయడానికి లక్షలు కావాలి. పాడవకుండా చూసుకోవడానికి మాత్రం చాలాసార్లు ఒక పైపు, కొంత మొరం, రెండు రోజుల కూలి సరిపోతుంది.

ముందుగా ఒక మాట. 2023 జూలై చివర్లో వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాలను ముంచెత్తిన వాన మనకు గుర్తే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. హన్మకొండలో కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి వరదను ఒక ఇంటివాళ్లు ఆపలేరు. అది నాలాలు, చెరువులు, కార్పొరేషన్ చూడాల్సిన పని. కానీ పునాదిని మెల్లగా తినేది ఎప్పుడో వచ్చే వరద ఒక్కటే కాదు. ప్రతి ఏడూ మామూలు వానకు గోడ పక్కన గంటల తరబడి నిలిచే నీళ్లు కూడా అదే పని చేస్తాయి. దాన్ని ఆపడం మన చేతుల్లోనే ఉంది.

మన జాగాలో ఎన్ని నీళ్లు పడతాయి?

120 గజాల ప్లాటు అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. పది సెంటీమీటర్ల వాన కురిసిన రోజున 10,000 లీటర్లు, అంటే రెండు పెద్ద ట్యాంకర్ల నీళ్లు మన ప్రహరీ లోపలే పడ్డట్టు. వరంగల్‌లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కేసుకుంటే, ఆ చిన్న ప్లాటులోనే లక్ష లీటర్లు.

కాకతీయుల కాలం నుంచి మన దగ్గర గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. ప్రతి చెరువుకూ తర్వాతి దారి ముందే ఉంటుంది. మన వాకిలికీ అదే లెక్క. పడిన నీళ్లు ఎటు పోవాలో మనం చెప్పకపోతే అవి పునాది వైపే దారి చూసుకుంటాయి.

నేలను బట్టి నష్టం

ఉమ్మడి వరంగల్‌లో ఎర్ర చెలక నేలలున్నాయి, నల్ల రేగడి కూడా ఉంది. రెండింటిలో నష్టం వేరువేరుగా జరుగుతుంది.

నల్ల రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో వేలు పట్టేంత నెర్రెలు పడే నేల అదే. ఇంటి ఒక మూల తడిసి, ఇంకో మూల పొడిగా ఉంటే పునాది ఒకవైపు లేస్తుంది, మరోవైపు దిగుతుంది. అప్పుడు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, తలుపులు చౌకట్లో ఇరుక్కుంటాయి. రేగడిలో అసలు ప్రమాదం తడి కన్నా తడి, పొడి మారుతూ ఉండటం.

ఎర్ర నేల అంతగా ఉబ్బదు. కానీ పైపు నుంచి ధారగా పడే నీళ్లు సన్నటి మట్టిని కడిగేసి పునాది పక్కన గుల్ల చేస్తాయి. పాత చెరువు శిఖం మీదో, పొలం మీదో మట్టి పోసి వేసిన ప్లాట్లలో, పోసిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే నీళ్లు దిగేకొద్దీ నేల కుంగుతుంది.

పాత మొహల్లాల్లో మట్టి గోడల ఇళ్లు, రాతి ముక్కలను మట్టితో పేర్చి పైన సున్నం పూసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వీటికి నీళ్లు మరీ ప్రమాదం. అడుగున మట్టి కరిగిపోతే గోడ పైకి బాగానే కనిపిస్తూ ఉన్నట్టుండి కూలుతుంది. ఇలాంటి గోడ మీద గట్టి సిమెంటు పూత వేస్తే లోపలి తేమ బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. వాటికి సున్నం పూతే మంచిది.

మొదటి పని: గొడుగు పట్టుకుని చూడటం

ఖర్చు పెట్టే ముందు, మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని పావుగంట ఇంటి చుట్టూ తిరగండి. స్లాబు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? ఎటు పారుతున్నాయి? ఏ మూలలో ఆగుతున్నాయి? ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. వాన ఆగిన గంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ గోడకు ఆనుకుని నీళ్లు ఉన్న చోటే మీ జబ్బు ఉంది. మేస్త్రీకి ఆ వీడియో చూపిస్తే, ఊహ మీద కాకుండా కళ్లారా చూసి పని చేస్తాడు.

ఏది ముందు, ఏది తర్వాత?

పనులను తక్కువ ఖర్చుతో మొదలుపెట్టి ఈ వరుసలో చేసుకుంటే మంచిది.

1. స్లాబు పైపులు. ఎక్కువ నీళ్లు వచ్చేది ఇక్కడి నుంచే. చాలా ఇళ్లలో పైపు గోడ వెంట దిగి, సరిగ్గా పునాది పక్కనే ఆగిపోతుంది. దానికి బెండు వేసి, మరో పైపు కలిపి నీళ్లను మోరీ దాకా తీసుకెళ్లండి. స్లాబు మీద జాలీలు పెట్టి, వానాకాలానికి ముందు ఆకులు, చెత్త తీసేయండి.

2. వాకిలి వాలు. నేల ఇంటి నుంచి బయటికి వాలి ఉండాలి. మట్టి నేల అయితే అడుగుకు అర అంగుళం, సిమెంటు లేదా బండలు అయితే అడుగుకు పావు అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు. మేస్త్రీల దగ్గర ఉండే లెవల్ పైపుతో దీన్ని పది నిమిషాల్లో చూడొచ్చు. గుంతలుంటే మొరం పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. ఇసుక, ఇటుక ముక్కలు పోస్తే నీళ్లు వాటి సందుల్లోంచి పునాదిలోకే దిగుతాయి. వాలు కోసం మట్టి పోసేటప్పుడు నేల మట్టం ఇంటి లోపలి ఫ్లోరింగ్ కన్నా కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి. లేకపోతే గోడలోని తేమ ఆపే పొర మీదుగా చెమ్మ లోపలికి వస్తుంది.

3. గోడ చుట్టూ సిమెంటు పట్టీ. దీన్ని ఇంజనీర్లు ప్లింత్ ప్రొటెక్షన్ అంటారు. గోడకు ఆనించి రెండు మూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా వేసే కాంక్రీటు ఇది. నీళ్లు పునాది పక్కన దిగకుండా దూరంగా జారిపోతాయి. రేగడి నేలలో దీని అవసరం ఇంకా ఎక్కువ. గోడకూ పట్టీకీ మధ్య గీత పడితే వెంటనే తారు లేదా సీలెంట్‌తో మూయాలి, నీళ్లు ముందు ఆ గీతలోంచే దిగుతాయి.

4. మోరీ లేదా కంకర మోరీ. పట్టీ అంచు వెంట చిన్న ఓపెన్ మోరీ కట్టి గేటు దగ్గర బయటి డ్రైనేజీకి కలపడం సులువైన పని. నీళ్లు భూమిలోంచి ఊరి వస్తుంటే కంకర మోరీ కావాలి. అడుగున్నర వెడల్పు కందకం తీసి, అడుగున జియో గుడ్డ పరిచి, చిల్లుల పీవీసీ పైపు పెట్టి, చుట్టూ కంకర నింపి, గుడ్డ మూస్తారు. వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి. పునాదికి కొంచెం దూరంగా తవ్వాలి, పునాది అడుగు కన్నా లోతుకు పోకూడదు. దానికి బయటికి పోయే దారి లేకపోతే అది మోరీ కాదు, పునాది పక్కన మనమే తవ్వుకున్న కుంట.

ఇంకుడు గుంత, సంపు, వజూ నీళ్లు

వాన నీటిని భూమిలోకి ఇంకించడం మంచి పని. 2002 నాటి వాల్టా చట్టం కూడా అదే చెబుతుంది. కానీ జాగా లేదని గుంతను గోడ పక్కనే తవ్వితే పునాదికి మనమే నీళ్లు పెట్టినట్టు. కనీసం పదడుగుల దూరం ఉండేలా, వాలుకు కింది వైపు తవ్వండి. రేగడిలో నీళ్లు త్వరగా ఇంకవు కాబట్టి, నిండాక మిగిలిన నీళ్లు బయటికి పోవడానికి పైపు తప్పకుండా ఉండాలి. అంత జాగా లేని ఇళ్లవాళ్లు స్లాబు నీళ్లను డ్రమ్ములో పట్టి వాడుకోవడం మేలు.

వానతో సంబంధం లేని నీళ్లను మనం మరిచిపోతాం. వజూ కోసం వాకిట్లో పెట్టిన నల్లా, బట్టలు ఉతికే బండ, పగిలిన హౌజ్, కారే సంపు, బాత్రూం పైపు జాయింటు, ఇవి రోజూ ఒకే మూలను తడుపుతాయి. ఎండాకాలంలో కూడా ఒక్క గోడే చెమ్మగా ఉంటే ముందు వీటిని అనుమానించండి. రాత్రి నల్లాలన్నీ కట్టేసి సంపులో నీటి మట్టం దగ్గర గీత గీయండి. ఫజ్ర్‌కు లేచినప్పుడు మట్టం దిగి ఉంటే ఎక్కడో కారుతోందన్న మాట.

రోడ్డు ఎత్తయిపోయిన ఇళ్లు

పాత మొహల్లాల్లో పెద్ద బాధ ఇది. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేస్తారు. ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్లిన ఇల్లు ఇప్పుడు రోడ్డు కన్నా కింద ఉంటుంది. గల్లీ నీళ్లు దర్వాజాలోంచి లోపలికి వస్తాయి. ఇలాంటి చోట గేటు దగ్గర అడ్డంగా ఎత్తయిన గడప కట్టి, దాని బయట జాలీ మూతతో మోరీ వేస్తే రోడ్డు నీళ్లు లోపలికి రావు. లోపల పడే వాన నీళ్లకు ఒక చిన్న గుంత కట్టి, చిన్న మోటారుతో బయటికి తోడుకోవాలి. వాన నీళ్లను సెప్టిక్ ట్యాంకులోకో, మరుగుదొడ్డి లైన్‌లోకో కలపొద్దు. పెద్ద వానకు అవి వెనక్కి తన్ని ఇంట్లోకే వస్తాయి.

కొత్తగా కట్టేవాళ్లకు జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పే లెక్క, బేస్‌మెంట్ చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రోడ్లు పెరుగుతున్న తీరు చూస్తే ఇంకో అడుగు ఎక్కువే ఉంచుకోండి. గల్లీలో కొత్త రోడ్డు మంజూరైతే, పాతది తవ్వి తీశాకే వేయమని అందరూ సంతకాలు పెట్టి కార్పొరేషన్‌కు ముందే అర్జీ ఇవ్వండి. కాంక్రీటు పోశాక అడిగితే లాభం లేదు.

నీళ్లు పక్కింటి గోడకు పోతే?

మన ఇంటి సమస్య తీరింది, పక్కింటి పునాది తడిసింది అంటే అది పరిష్కారం కాదు. పొరుగువారి హక్కు గురించి మన దీన్ ఎంత గట్టిగా చెప్పిందో అందరికీ తెలిసిందే. నీళ్లు పారే హక్కుకు ఫిఖ్హ్‌లో ప్రత్యేకంగా పేరే ఉంది, హక్కె మసీల్ అంటారు. ఎప్పటి నుంచో నీళ్లు పోతున్న దారిని పక్కవాళ్లు మూసేయకూడదు. అలాగే కొత్తగా మన నీళ్లను మళ్లించి వాళ్లకు నష్టం చేయకూడదు.

హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి పర్నాలా సంగతి చాలామంది బయానుల్లో విని ఉంటారు. మస్జిద్‌కు వెళ్లే దారిలో ఆ పర్నాలా నీళ్లు తన మీద పడితే హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని తీయించారు. దాన్ని అక్కడ పెట్టింది స్వయంగా దైవప్రవక్త (స) అని అబ్బాస్ (రజి) చెప్పగానే, తన వీపు మీద ఎక్కి తిరిగి అక్కడే పెట్టమని ఖలీఫా పట్టుబట్టారు. దారిన పోయేవాళ్లకు ఇబ్బంది కలగకూడదన్న పట్టింపు ఒకవైపు, అవతలివాళ్ల హక్కు తెలిసిన మరుక్షణమే వెనక్కి తగ్గడం మరోవైపు. సందులో పైపు పెట్టే ముందు మనకూ ఈ రెండూ కావాలి. పని మొదలుపెట్టే ముందు పక్కింటివాళ్లను పిలిచి చూపించండి. ఇద్దరి గోడల మధ్య సందులో ఉమ్మడి మోరీ కట్టుకుంటే ఖర్చు సగమవుతుంది, రెండు పునాదులూ నిలుస్తాయి.

ఎప్పుడు ఇంజనీరును పిలవాలి?

సన్నటి వెంట్రుక పగుళ్లకు కంగారు పడక్కర్లేదు. పగులు రెండు చివర్లలో పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాసి, నెలకోసారి చూడండి. పగులు పొడవు పెరుగుతున్నా, వెడల్పు ఐదు మిల్లీమీటర్లు దాటినా, నేల ఒకవైపు కుంగినా, గోడ బయటికి ఒరిగినా మేస్త్రీతో సరిపెట్టుకోకండి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. పునాది పక్కన తవ్వే పని వానాకాలంలో పెట్టుకోవద్దు. వేసవిలో కొంత కొంత చొప్పున చేయించాలి.

మట్టి గోడల ఇంట్లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. గోడలు వాన పడుతున్నప్పుడే కాదు, ఆగిన తర్వాత కూడా కూలుతాయి. నాలుగైదు రోజుల ముసురు పట్టి గోడ అడుగున మట్టి రాలుతుంటే, ఆ గోడ పక్కన పిల్లలనూ పెద్దవాళ్లనూ పడుకోబెట్టకండి. కొన్ని రాత్రులు బంధువుల ఇంట్లో ఉండటానికి మొహమాటపడొద్దు. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు.

ఈసారి వాన పడినప్పుడు కిటికీలోంచి చూసి ఊరుకోకుండా, గొడుగు తీసుకుని ఒకసారి బయటికి వెళ్లండి. మీ స్లాబు పైపు ఎక్కడ ఆగిపోయిందో చూడండి. చాలా ఇళ్లకు మరమ్మతు అక్కడి నుంచే మొదలవుతుంది.