వార్త, కథ, విమర్శ

నల్లగొండ సీమకు దక్షిణపు కొనలో, కృష్ణానదికి చేరువగా మేళ్లచెరువు అను గ్రామము కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట అది సూర్యాపేట జిల్లాలో చేరినది. అచ్చటి శంభులింగేశ్వరస్వామి ఆలయమున శివరాత్రికి గొప్ప జాతర జరుగును. పలు గ్రామములనుండి జనులు తరలివత్తురు.

ఈ జాతరకు ముగ్గురు రచయితలు వెళ్లిరనుకొందము. మొదటివాడు విలేకరి. ఎంతమంది వచ్చిరి, త్రాగునీరు చాలెనా, బాటలు బాగుగా నున్నవా అని విచారించి, కన్నదానిని కన్నట్లు వ్రాయుట అతని పని. అందులో ఒక్క అంకె తప్పినను తప్పే. రెండవవాడు కథకుడు. మనుమని చేయి పట్టుకొని జాతరకు వచ్చిన ఒక అవ్వను అతడు కల్పించును. అట్టి అవ్వ నిజముగా ఆనాడు రాకపోయి యుండవచ్చును. కాని ఆమె అలసట, ఆమె ఆశ మన యిండ్లలోని అవ్వలవే. మూడవవాడు విమర్శకుడు. అతడు ఆ కథను చదివి, అవ్వ పలుకులు ఆ సీమవారి పలుకులవలె నున్నవా, కథ సహజముగా ముగిసినదా అని తూచి చెప్పును. బాగున్నదనుట, బాగులేదనుట మాత్రమే విమర్శ కాదు. కారణము చూపినప్పుడే అది విమర్శ యగును.

ఈ మూడింటిని ఒక్కచోట కూర్చునది సాహిత్య పత్రిక. వార్త యొక్కటే యున్నచో అది మరునాటికి పాతబడును. కథ యొక్కటే యున్నచో పాఠకుడు చుట్టునున్న లోకమును మరచును. విమర్శ యొక్కటే యున్నచో దానికి తూచుటకు సరుకే యుండదు. కనుక ఒకదాని కొరతను మరియొకటి తీర్చును.

ఇందుకు మన తెలంగాణమే మంచి నిదర్శనము. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే జరిగెను. అట్టి కాలమున తెలుగు పత్రికను నడుపుటయే సాహసము. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించెను. 1926లో హైదరాబాదున గోలకొండ పత్రిక బయలుదేరెను. దాని సంపాదకుడు పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. అది వార్తాపత్రికయే యైనను, తెలుగు రచనకు వేరు తావులు కొరతగా నున్నందున, వార్తల ప్రక్కనే పద్యములకు, కథలకు, విమర్శలకు, చరిత్ర వ్యాసములకు చోటిచ్చెను.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట ఒకప్పుడు వినవచ్చెను. అదియు ఒక విమర్శయే. కాని ఆధారము లేని విమర్శ. కవులే లేని భాషకు రాజ్యమున గౌరవమేమి దక్కును? అందుచేత ఆ మాటను ఊరక విడుచుటకు వీలులేకపోయెను. నిందకు నింద సమాధానము కాదు. నిదర్శనమే సమాధానము. ప్రతాపరెడ్డి తెలంగాణపు కవుల రచనలను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అందు 354 మంది కవులు కానవచ్చిరి!

ఈ సంచికలో మూడు పనులును కలిసినవి. ఉన్నదానిని వెదకి లోకమునకు తెలుపుట విలేకరి పని. పద్యములు కవుల సృష్టి. అపవాదును ఆధారముతో త్రోసివేయుట విమర్శ. అయితే, ఆ సంఖ్య కవులున్నారని మాత్రమే చాటినది. ఎవరి కవిత్వమెంత గొప్పదో నిర్ణయించుటకు పద్యములను చదివి తూచవలసినదే. అది లెక్కతో తీరునది కాదు.

పత్రికను చేతబట్టిన విద్యార్థి ముందుగా తాను చదువుచున్నది వార్తయా, కథయా, విమర్శయా అని గుర్తింపవలెను. వార్తను నిజమేనా అని, కథను జీవితమునకు దగ్గరగా నున్నదా అని, విమర్శను కారణమేది అని ప్రశ్నింపవలెను. కథను వార్తగా నమ్మువాడును, వార్తను కథవలె విని మరచువాడును ఒక్కతీరుననే నష్టపోవుదురు.