ఎవరిని అడగాలి?

“అడగందే అమ్మయినా పెట్టదు” అన్నారు పెద్దలు. నిజమే, కాని అడగవలసినవారెవరో తెలియకపోతే?

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో వేలాదిమందికి ఈ చిక్కే వచ్చింది. లేవలేని వృద్ధులకు, వికలాంగులకు ఇళ్లలో స్నానం చేయించి, అన్నం తినిపించే పని వారిది. ఎక్కువమంది ఆడవాళ్లే. పనిలో పెట్టుకునేది రోగి. కూలి ప్రభుత్వపు సొమ్ము. పెంచమని అడిగితే కౌంటీవారు “మేము యజమానులం కాము” అన్నారు. 1990లో న్యాయస్థానమూ ఆ మాటే ఖాయం చేసింది.

అప్పుడు వారు సేవ పొందేవారిని కలుపుకున్నారు. చాలీచాలని కూలికి మనిషి నిలవదు. రోజుకొక కొత్త మనిషి వస్తే రోగికి సుఖమెక్కడ? ఇరువురూ కలిసి అడగగా 1992లో కాలిఫోర్నియా చట్టం చేసింది. కూలి సంగతి మాట్లాడేందుకు కౌంటీలు ఒక సంస్థను పెట్టుకోవచ్చు; అందులో సేవ పొందేవారికి సగానికి తక్కువ కాకుండా చోటుండాలి. లాస్ ఏంజెలెస్‌లో అది 1997లో ఏర్పడింది. 1999లో జరిగిన ఓటింగుతో, 74 వేలమంది తరపున మాట్లాడే హక్కు యూనియనుకు దక్కింది. అందుకు పన్నెండేళ్లు పట్టింది.

మన ఇళ్లలోనూ మామ్మగారి మంచం పక్కన రాత్రంతా మేలుకునే ఆయా ఉంటుంది. వీపు పుండ్లు పడకుండా ఎప్పుడెప్పుడు ఒత్తిగిలించాలో ఆమెకు తెలుసు. ఆ రాత్రికి కూలి ఎంతో, సెలవు ఎన్నాళ్లో నిర్ణయించే పెద్దలు ఆమెనూ ఒక్క మాట అడగరాదా?