మానని కాలిపుండు - దాని మూలము

గుంటమగ్గములో కాళ్ళు వ్రేలవేసి నేయువారికిని, మరమగ్గముల యొద్ద దినమంతయు నిలుచువారికిని కాలిపుండ్లు క్రొత్త కావు. ఇట్టి పుండ్లలో హెచ్చుభాగము సిరలలో నెత్తురు నిలిచిపోవుటచే కలుగునవి. ఇవి తరచుగా చీలమండకు పైన లోపలివైపున పడును. కాలు ఎత్తి ఉంచుట, బిగువుగా పట్టీ కట్టుట వీనికి ముఖ్యమైన చికిత్స. కాని పట్టీతో మాననివి కొన్ని గలవు. వానిని గురించియే ఇచట తెలుపదలచితిమి.

మన శరీరమున రోగక్రిముల నెదిరించు రక్షణశక్తి గలదు. కొందరిలో అది దారితప్పి సొంత శరీరముపైననే తిరుగబడును. కీళ్ళవాతములో ఒక రకమైన రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, లూపస్ ఇట్టి వ్యాధులే. వీనివలన ఒక్కొక్కప్పుడు సన్నని రక్తనాళములు వాచి, చర్మమునకు నెత్తురందక కాలిపై పుండు పడును.

పయోడెర్మా గాంగ్రినోజమ్ అనునది మరియొకటి. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దీనికి ఈ పేరు పెట్టిరి. క్రిములే కారణమని అప్పుడు తలచిరి. అది నిజము కాదని తరువాత తేలినది. చిన్న పొక్కుగా మొదలై వడిగా వ్యాపించును. అంచు ఊదారంగుగా నుండును. నొప్పి మిక్కుటము. ఈ పుండు గలవారిలో సుమారు సగముమందికి ప్రేగుల వాపో, కీళ్ళవాతమో, రక్తసంబంధమైన వ్యాధియో ఉండును.

కుళ్ళినదని తలచి దీనిని కోసి శుభ్రపరచినచో, తగ్గుటకు మారు పెరుగవచ్చును. క్రిములను చంపు మందులు మాత్రమే ఇచ్చినను మానదు. లోపలి వాపును అణచుటకు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ వంటి మందులు వలయును. వీనిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. చాలదినములు వాడిన స్టెరాయిడ్లను ఒక్కసారిగా మానరాదు. పోగు ఎచట తెగినదో చూడకుండ ముడివేయలేము గదా! పుండు సంగతియు అంతియే.

కావున పుండు రెండు వారములలో మానుదారి పట్టనిచో వైద్యునికి చూపుడు. ప్రొద్దుట కీళ్ళు బిగియుట, విరేచనములో నెత్తురు, ముఖముపై ఎఱ్ఱదనము ఉన్నచో దాచక చెప్పుడు. అవసరమైనచో పుండు అంచునుండి చిన్న ముక్క తీసి పరీక్షింతురు. పట్టీ కట్టుటకు ముందు చీలమండ యొద్ద రక్తపు పోటును చేతి పోటుతో పోల్చి చూడవలెను. ఆ నిష్పత్తి 0.8కు తక్కువైనచో నిపుణుని సలహా లేక బిగువు పట్టీ కట్టరాదు. నెత్తురు చాలక కాలికే ముప్పు రావచ్చును.

కూలి పోవునని జంకి, పసరు పూసికొని మగ్గమెక్కువారు మనలో పెక్కుమంది గలరు. కొలది దినముల కూలి పోయినను, కాలు నిలిచినచో మగ్గమును నిలుచును.