మెదడు తరంగాల నుంచి కనురెప్పను వేరుచేసేదెలా?

1924లో జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మొదటిసారిగా మనిషి మెదడు విద్యుత్ తరంగాలను తలపై నుంచి నమోదు చేశాడు. ఆ ఫలితాలను 1929లో ప్రచురించాడు. మూర్ఛవ్యాధి పరీక్షలో నేడు వాడే ఈఈజీకి అదే పునాది. అయితే ఈఈజీని మొదటినుంచీ వెన్నాడుతున్న చిక్కు ఒకటుంది. తలపై అమర్చిన ఎలక్ట్రోడు అందుకునేది ఒక్క మెదడు సంకేతాలనే కాదు.

మెదడు తరంగాలు తలచర్మం చేరేసరికి సాధారణంగా కొన్ని పదుల మైక్రోవోల్టులే మిగులుతాయి. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలవ వంతు. మన కన్ను కూడా ఒక చిన్న బ్యాటరీ వంటిదే. దాని ముందున్న కార్నియా, వెనుకనున్న రెటీనా కంటే ధనాత్మకంగా ఉంటుంది. అందుకే రెప్ప వాల్చినప్పుడల్లా నుదుటి దగ్గరి ఎలక్ట్రోడులో వందకు పైగా మైక్రోవోల్టుల అల లేస్తుంది. దవడ కండరాలు, గుండె, గదిలోని 50 హెర్ట్జ్ కరెంటు కూడా తమ వంతు కలుపుతాయి.

రెప్పపాటును మెదడు తరంగంగా చదివితే లేని జబ్బు ఉన్నట్లు కనిపించవచ్చు. ఫిల్టరు పెట్టి తీసేద్దామంటే, మెదడులోని నెమ్మది తరంగాల పౌనఃపున్యమూ రెప్పపాటు పౌనఃపున్యమూ ఒకదానిపై ఒకటి పడతాయి. రెప్ప పడిన ప్రతి భాగాన్నీ కత్తిరిస్తే, కుదురుగా కూర్చోని చిన్నపిల్లల రికార్డులో మిగిలేది కొంచెమే.

రెండు ఎలక్ట్రోడులు, రెండు మూలాలు

పెళ్లి పందిట్లో సన్నాయి, డోలు ఒకేసారి మోగుతున్నాయి. రెండు చోట్ల రెండు మైకులు పెట్టాం. రెండింటిలోనూ రెండు శబ్దాలూ పడతాయి, కాని పాళ్లు వేరు. ఈఈజీలో జరిగేదీ ఇదే.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక క్షణంలో రెప్పపాటు బలం 100, తల వెనుక పుట్టే ఆల్ఫా తరంగం బలం 10 అనుకోండి. నుదుటి ఎలక్ట్రోడుకు రెప్పపాటు మొత్తం, ఆల్ఫాలో సగం చేరితే రీడింగు 105. వెనుక ఎలక్ట్రోడుకు రెప్పపాటులో పదోవంతు, ఆల్ఫా మొత్తం చేరితే రీడింగు 20. ఈ పాళ్లు తెలిస్తే మిగిలింది హైస్కూలు లెక్కే. 105 నుంచి 20లో సగం తీసేస్తే ఆల్ఫా పూర్తిగా పోయి రెప్పపాటు ఒక్కటే 95గా మిగులుతుంది. కాని నిజమైన రికార్డులో మూలాలూ తెలియవు, పాళ్లూ తెలియవు. తెలిసింది మిశ్రమం మాత్రమే.

గణాంకశాస్త్రం అందించిన ఆధారం

ఇక్కడ ఆదుకునేది స్వతంత్రత అనే భావన. రెప్ప ఎప్పుడు పడిందో తెలిసినంత మాత్రాన ఆ క్షణంలో ఆల్ఫా తరంగం శిఖరంలో ఉందో, లోయలో ఉందో చెప్పలేం. అంటే ఇవి పరస్పరం స్వతంత్రాలు.

రెండో ఆధారం ఇది. స్వతంత్రమైన అంశాలను కలిపినకొద్దీ వాటి విలువల పంపిణీ గంట ఆకారపు వక్రానికి దగ్గరవుతుంది. విడి మూలాలు సాధారణంగా అలా ఉండవు. రెప్పపాటు సంకేతం ఎక్కువసేపు సున్నా దగ్గరే ఉండి, అరుదుగా ఒక్కసారి ఎగుస్తుంది. కాబట్టి రీడింగులను రకరకాల పాళ్లలో కలిపి చూస్తూ, గంట ఆకారానికి ఎక్కడ బాగా దూరమవుతున్నామో కంప్యూటరు వెతుకుతుంది. అక్కడే ఒక విడి మూలం దొరుకుతుంది. మూలాల్లో ఒకటికి మించి గంట ఆకారంలో ఉంటే మాత్రం వాటిని ఈ పద్ధతి విడదీయలేదు.

ఇలాంటి మిశ్రమాల స్వరూపాన్ని ఎప్పుడు తేల్చగలమనే విషయంపై కాగన్, లిన్నిక్‌లతో కలిసి సి.ఆర్. రావు రాసిన గ్రంథంలో ముఖ్యమైన సిద్ధాంతాలున్నాయి. దాని ఇంగ్లీషు ప్రతి 1973లో వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన రావుగారే ఆయన. 1994లో ఫ్రాన్సుకు చెందిన పియర్ కోమన్ ఈ పద్ధతికి స్పష్టమైన గణితరూపం ఇచ్చాడు. దీన్ని స్వతంత్ర అంశాల విశ్లేషణ అనవచ్చు. 1995లో బెల్, సెజ్నోవ్‌స్కీ వేగంగా పనిచేసే గణనపద్ధతిని ప్రచురించారు. త్వరలోనే స్కాట్ మేకిగ్ వారితో కలిసి దాన్ని ఈఈజీకి వర్తింపజేశాడు.

ఉపయోగం, పరిమితులు

32 ఎలక్ట్రోడులుంటే కంప్యూటరు 32 అంశాలను ఇస్తుంది. ఇందుకు 32×32, అంటే 1,024 సంఖ్యలను కనుక్కోవాలి. సెకనుకు 256 చొప్పున అయిదు నిమిషాలు నమోదు చేస్తే ఒక్కో ఎలక్ట్రోడుకు 76,800 రీడింగులు వస్తాయి. కొద్ది సెకన్ల రికార్డు ఈ పనికి చాలదు. నుదుటివైపు బలంగా ఉండి అప్పుడప్పుడు ఎగిసే అంశం రెప్పపాటుది. దాన్ని సున్నా చేసి మిగతావన్నీ తిరిగి కలిపితే శుభ్రమైన ఈఈజీ వస్తుంది.

అయితే మూలాలు ఎలక్ట్రోడుల కంటే ఎక్కువైతే కొన్ని కలిసే ఉండిపోతాయి. మధ్యలో ఎలక్ట్రోడు జరిగితే పాళ్లు మారి లెక్క తప్పుతుంది. విడదీసిన అంశం అసలు పరిమాణం, ధనమా ఋణమా అన్నదీ తెలియవు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ అంశం కంటిదో, ఏది మెదడుదో గణితం చెప్పదు. అంశాలను వర్గీకరించే ప్రోగ్రాములు నేడు ఉన్నా, అవీ నిపుణులు గుర్తించిన ఉదాహరణలను చూసి నేర్చుకున్నవే. నుదుటి వెనుక పుట్టిన అసలైన మూర్ఛ తరంగాన్ని రెప్పపాటుగా పొరబడి తుడిచేస్తే నష్టపోయేది రోగి. అందుకే శుభ్రపరచిన రికార్డుతోపాటు అసలు రికార్డునూ పక్కన పెట్టుకుని చదవడం అవసరం.